మొక్కజొన్నయు సున్నపు నీరును



మొక్కజొన్న మన దేశమున పుట్టిన పైరు కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో. అచ్చటివారు వేల యేండ్లుగా దానిని తినుచున్నారు. కాని యూరకే దంచి వండరు. గింజలను సున్నపు నీటిలో నుడికించి, రాత్రియంతయు నాననిచ్చి, మఱునాడు కడిగి పొట్టు పోగొట్టి, రాతిపై నూఱి, మన జొన్నరొట్టెవలె తట్టి పెనముమీద కాల్తురు. ప్రక్కన చిక్కుడుజాతి గింజల కూర, మిరపకాయ పచ్చడి. తాంబూలమునకు దక్క సున్నము నోట పెట్టని మనకిది వింతగా దోచవచ్చును.

1492 తరువాత స్పెయినువారు గింజలను దెచ్చుకొనిరి గాని, యీ సున్నపు మర్మమును దెచ్చుకొనలేదు. 1735లో గాస్పర్ కసాల్ అను వైద్యుడు అచ్చటి బీదలలో నొక వ్యాధిని గుర్తించెను. ఎండ తగిలిన చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టును, తుదకు మతి చెడును. ఇటలీవారు దీనిని పెల్లాగ్రా యనిరి. ఇరువదవ శతాబ్ది యారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో వేలమంది దీనివలన మరణించిరి. అంటువ్యాధి యని పలువురు భ్రమపడగా, డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఆహారలోపమే కారణమని చూపెను. 1937 నాటికి నియాసిన్ అను విటమినే మందని తేలినది. గింజలో నది యున్నను బంధింపబడి యుండును. సున్నము ఆ బంధమును విడిపించును.

మనకును దీనితో సంబంధము లేకపోలేదు. 1960 ప్రాంతమున హైదరాబాదులో డాక్టరు సి. గోపాలన్ ప్రభృతులు, జొన్నయే ముఖ్యాహారముగా గల దక్కను బీదలలో నీ వ్యాధినే పరిశీలించిరి. జొన్న చెడ్డదని కాదు. వట్టి జొన్నతోనే కడుపు నింపుకొనుట చెడ్డది. రొట్టెప్రక్క కందిపప్పో, వేరుసెనగ పొడియో, పాలో యున్న యింటికి ఆ జబ్బు సామాన్యముగా రాదు. అవి లేని యిండ్లు మీ యూళ్లలో నెన్ని గలవో నాకంటె మీకే బాగుగ దెలియును.