ఏ ప్రోటీను మాట నమ్మాలి?

 

మైక్రోబయాలజీ పట్టభద్రులారా, 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ క్రిమి సారంతో ట్యూబర్‌క్యులిన్ చేసి, ఇదే మందన్నాడు. మందుగా అది పనికిరాలేదు. కానీ దాన్ని చర్మంలోకి ఎక్కిస్తే, క్రిమి సోకినవాళ్లకు అక్కడ గట్టిగా వాస్తుందని తేలింది. మీకు తెలిసిన మాంటూ పరీక్ష అలా పుట్టిందే. అయితే ట్యూబర్‌క్యులిన్‌లో ఎన్నో ప్రోటీన్లు కలగలిసి ఉంటాయి. వాటిలో చాలావరకు బీసీజీ టీకా క్రిమిలోనూ ఉన్నాయి. ఇక వాపు కనిపిస్తే అది క్షయ క్రిమి వల్లా, టీకా వల్లా?

చిక్కు తెచ్చిన టీకాయే దారీ చూపింది. ఆ టీకాను తయారుచేసిన కాల్మెట్, గెరాన్‌లు 1908 నుంచి పదమూడేళ్లు ఆవుల్లో క్షయ తెచ్చే క్రిమిని మార్చి మార్చి పెంచుతుంటే, దాని జన్యువుల్లో ఒక ముక్క ఊడిపోయింది. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్ల జన్యువులు ఆ ముక్కలోనివే. క్షయ క్రిమిలో మాత్రం అవి ఉన్నాయి. కాబట్టి వీటితో చేసే పరీక్ష టీకాను చూసి మోసపోదు. ఇగ్రా రక్తపరీక్షకూ, 2022లో మన దేశంలో అనుమతి పొందిన సై-టీబీ చర్మపరీక్షకూ ఆధారం ఇవే. జబ్బు ముదరకముందే, అసలు మొదలవకముందే, సోకినవాళ్లను గుర్తించి నివారణ మందులు ఇవ్వొచ్చు.

ఇంత చేసినా, క్రిమి ఒంట్లో ఊరికే పడి ఉందా, జబ్బుగా మారిందా అన్నది ఈ ప్రోటీన్లు చెప్పలేవు. అందుకు తెమడ పరీక్షో, క్రిమి జన్యువును పట్టే ట్రూనాటో లాంటివి కావాల్సిందే.

ఈ హద్దును పట్టించుకోని వ్యాపారం ఒకటి మన దేశంలో బాగానే సాగింది. క్రిమి ప్రోటీన్లకు రక్తంలో పుట్టే యాంటీబాడీలను చూసి క్షయను తేల్చేస్తామంటూ కిట్లు అమ్మారు. జబ్బు లేనివాళ్లకు ఉందని, ఉన్నవాళ్లకు లేదని ఫలితాలు వచ్చేవి. ఉన్నవాడు లేదనే కాగితంతో ఇంటికి పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దంది. 2012లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఆ కిట్లు తయారుచేసినవాళ్లకూ మీలాంటి పట్టాలే ఉండి ఉంటాయి!

రేపు మీలో ఎవరైనా కొత్త ప్రోటీను కనిపెడితే సంతోషం. దాన్ని ప్రయోగశాల ఫ్రీజర్‌లోని నమూనాలతోనే తేల్చేయకండి. దగ్గుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చినవాళ్ల మీద, తెమడ తీసివ్వలేని పసివాళ్ల మీద పరీక్షించి చూడండి. అది ఎక్కడెక్కడ తప్పిందో కూడా అచ్చు వేయండి.