చిన్న పనులకు మేలు కలప

పంచాయతీ సభ్యులారా!

పెట్టెలు, పీటలు, బొమ్మలు చేయు వడ్రంగికి నిండు దుంగ అక్కరలేదు. మూరెడు మేలు కలప చాలును. మయన్మారు దేశము టేకు దుంగల ఎగుమతిని 2014లో నిలిపివేసినది. అయినను మన గోదావరి సీమలోని పాత మండువా ఇండ్లలో బర్మా టేకు దూలములు, ద్వారబంధములు నేటికిని కలవు. ఏండ్ల తరబడి ఆరిన కలప పనికి నమ్మకమైనది. చెదలు, పుచ్చు చూచి, మేకులు తీసి వాడుకొనవచ్చును. కోతమిల్లులలో మిగులు తునకలును చౌకయే. కాని పచ్చివానిని తూకముపై కొన్నచో నీటికిని వెల యిచ్చినట్లగును.

పాత బడినో, చావడినో కూల్చునప్పుడు కలపనంతయు ఒకే రాశిగా వేలము వేసినచో అది పెద్ద వర్తకునికే దక్కును. నిబంధనల ననుసరించి చిన్న రాసులుగా వేలము వేయింపవలెనని మా మనవి. కొన్నవానికి రసీదు తప్పక యిత్తము. అది దొంగ కలప కాదనుటకు పేద వడ్రంగికి ఆ కాగితమే రక్ష.