సంగీత విద్యాలయములు - మన కర్తవ్యము
(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



నిన్నటి సభలో విద్యార్థి వసతిగృహములను గూర్చియు, ఉపకార వేతనములను గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. వైద్యము, ఇంజనీరింగు, న్యాయశాస్త్రము చదువు పిల్లలకు మన సంఘము చేయుచున్న సాయము ఎల్లరకును విదితమే. ఆ జాబితాలో సంగీతము లేదు. ఇందులకు ఎవ్వరి దురుద్దేశమును కారణము కాదు. సంగీతము కూడ ఒక చదువే యన్న తలపు మనకు కలుగకపోవుటయే కారణము. పెండ్లికి సన్నాయి కావలెను. నవమి పందిటిలో హరికథ కావలెను. ఆ సన్నాయి యూదువాడును, ఆ కథ చెప్పు తల్లియు ఎన్ని యేండ్లు ఎవరి యింట అన్నము తిని ఆ విద్య నేర్చిరో మనము ఎన్నడును అడుగము. నేను నేడు మాటలాడదలచినది ఆ యన్నమును గూర్చియే.

సంగీతము చెప్పుకొని బ్రతుకువాడను గనుక నాకు తెలిసిన సంగతి యొకటి మనవి చేసెదను. గణితమున నేడు పాఠము తప్పినచో రేపు పుస్తకము చూచి పూరించుకొనవచ్చును. గాత్రమునకు అట్టి వీలు లేదు. స్వరలిపి యున్నది గదా యందురేమో. తోడి రాగమున గాంధారము ఎంత యూగవలెనో ఏ లిపియు చూపజాలదు. గురువు నోట వినవలెను, తాను పలుకవలెను, గురువు కాదని తల యూపవలెను, మరల పలుకవలెను. సరళులు, జంటలు, అలంకారములు, గీతములు, వర్ణములు దాటి కీర్తన ముంగిటికి వచ్చుటకే రెండు మూడేండ్లు పట్టును. సభలో కూర్చుండి ధైర్యముగా పాడుటకు పదియేండ్లును చాలవు. ఇంతకాలము శిష్యుడు గురువునకు చేరువలో నుండవలెను. ఉండవలెనన్న తినవలెను గదా!

పూర్వము ఈ చిక్కును వారములు తీర్చినవి. సోమవారమొక యింట, మంగళవారమొక యింట విద్యార్థికి విస్తరి వేసెడివారు. వారములు కుదరనివాడు జోలె పట్టి మధూకరము తెచ్చుకొనెడివాడు. ఈ యేర్పాటును గూర్చి మన పెద్దలు ఎంతయో మురిపెముగా చెప్పుదురు. నేనును దానిని చిన్నచూపు చూడను. కాని ఇది యొక వర్ణపు పిల్లలకే చెల్లినది. ఇతర కులముల బాలుడు జోలె పట్టినచో లోకము వానిని బిచ్చగాడనెనే గాని విద్యార్థి యనలేదు. అందుచేత మనవంటి కులములలో సంగీతము తండ్రినుండి కుమారునకు, మేనమామనుండి మేనల్లునకు ఇంటిలోనే సాగినది. ఇంటిలో గురువు లేనివానికి త్రోవ మూసికొనిపోయినది. ఎన్ని కంఠములు చేలగట్ల మీదనే ఆరిపోయినవో లెక్క కట్టినవారు లేరు.

మధూకరము పట్టినవారికి సైతము అది పూలబాట కాదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కథ మీరందరు వినియే యుందురు. తండ్రిని చిన్నతనముననే కోల్పోయి, వ్రేలి యుంగరము అమ్ముకొని కృష్ణా మండలమునుండి విజయనగరము చేరిన బాలుడు. అచ్చట ఆతనికి నిలువ నీడ నిలువలేదు. అప్పుడు ఆ కళాశాలలో గాత్రము చెప్పు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆతనిని తమ యింటికి తీసికొనిపోయిరి. శాస్త్రిగారు కలవారు కారు. గురువు విద్య చెప్పెను, శిష్యుడు జోలె పట్టి నాలుగిండ్ల అన్నము తెచ్చుకొనెను. తరువాత ఆంధ్రదేశమంతయు ఏ గళమును విని పరవశించెనో ఆ గళమునకు ఆధారము విజయనగరపు గృహిణులు వేసిన ఆ నాలుగు ముద్దలు. ఆ వీథిలో ఒక యిల్లాలు విసిగి తలుపు వేసికొని యుండినచో ఏమయ్యెడిదో ఊహించుకొనుడు.

ఆ కళాశాల పుట్టుక కూడ ఇట్టిదే. చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడు, సంగీతమున ఆసక్తి గలవాడు. ఆ బాలునికి సంగీతము నేర్పించు సాయము కోరగా విజయరామ గజపతి మహారాజుగారు ఒక్కని కొరకు ఉపాధ్యాయుని నియమించుటకు మారుగా 1919లో అందరికొరకు పాఠశాలనే తెరచిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులైరి. అచ్చట విద్యార్థిగా చేరుటకు వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, నీవు నేర్చుకొనవలసినవాడవు కావు, నేర్పవలసినవాడవని దాసుగారు ఆయనను అధ్యాపకునిగా నియమింపజేసిరి. 1936లో దాసుగారి యనంతరము నాయుడుగారే అధ్యక్షులైరి. ఇది కులసభ గనుక ఒక మాట. నారాయణదాసుగారు ఏ కులమువారో, నాయుడుగారు ఏ కులమువారో మీరెరుగుదురు. శిష్యత్వమునకు వచ్చినవానిని గురుపీఠమున కూర్చుండబెట్టునప్పుడు దాసుగారు విన్నది కమాను పలుకును మాత్రమే.

ఇక మన గోదావరి సీమకు వత్తము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఈ డెల్టాలో ధాన్యమునకు కొదువ లేదు. ధాన్యము వెంట సప్తాహములు, నవరాత్రులు, కల్యాణములు, పందిళ్ళు పెరిగినవి. పిఠాపుర సంస్థానమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ ఠాకూరుగారు ఆయనను శాంతినికేతనమునకు రప్పించుకొనిరి. వినుటకు మనము ఎన్నడును వెనుదీయలేదు. నేర్పుటకు మాత్రము మన గడ్డపై చోటు చాలలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిరి. వారి విద్య బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి సన్నిధిని సాగినది. నేదునూరి కృష్ణమూర్తిగారు పిఠాపురము దాపున కొత్తపల్లిలో పుట్టి విజయనగరము పోయి నేర్చిరి. ఈమని శంకరశాస్త్రిగారిది ద్రాక్షారామము, చిట్టిబాబుగారిది కాకినాడ. ఈ గురుశిష్యుల వీణలు రెండును చెన్నపురిలో వినబడినవి. కాకినాడలో మునుగంటి వెంకటరావు పంతులుగారి వంటివారు కూర్చుండి శిష్యులను తయారు చేసిరనుట నిజమే. వోలేటి వేంకటేశ్వర్లుగారు ఆ చేతిలో పెరిగినవారే. అట్టి చోట్లు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. పంట మనది, గాదె పరులది యైనది.

ఈ లోటును గుర్తించి పని చేసిన యొక తావును గూర్చి నేను కొంచెము విస్తరించి చెప్పవలెను. గౌతమీ తీరమున కపిలేశ్వరపురమున, ఆ యూరి జమీందారులగు ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావుగారు 1973లో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను నెలకొల్పిరి. అప్పటికి సినిమా పల్లెపల్లెకు చేరినది, హరికథకు పూర్వపు ఆదరము లేదు, పేరుగల భాగవతులు వృద్ధులగుచుండిరి. వారు మొదట చూచినది భోజనము, వసతి. బాలబాలికలను అచ్చటనే యుంచి, అన్నము పెట్టి, ఉచితముగా విద్య చెప్పించిరి. ఆడపిల్లల చేత గజ్జె కట్టించి కథ చెప్పించుట అచ్చటి విశేషము. ఆ పాఠశాలనుండి వెడలిన భాగవతారిణులు తెలుగుదేశమున ఊరూర కథలు చెప్పిరి.

హరికథ నేర్చుట ఎంతటి పనియో కుర్చీలో కూర్చుండి వినువారికి తెలియదు. కచేరీ పాడువాడు కూర్చుండి పాడును. కథకుడు మూడు గంటలు నిలుచుండి పాడవలెను, పాడుచు అడుగు వేయవలెను, చేత చిడతలు తప్పరాదు, కాలి గజ్జె తాళమును వీడరాదు. కీర్తన తాళమున నడచును, పద్యము తాళము లేక రాగమున సాగును, వచనము మాటగా నుండియు శ్రుతిని విడువరాదు. ఒకదానినుండి యొకదానికి దాటునప్పుడు వినువానికి గతుకు తగులరాదు. సభ బరువెక్కినచో పిట్టకథ చెప్పి నవ్వింపవలెను, నవ్వు చల్లారకమునుపే మరల అసలు కథలోనికి తీసికొని రావలెను. సీతాదేవియు తానే, రావణుడును తానే. ఇందులకు సంగీతముతోపాటు సంస్కృతము, తెలుగు, పురాణము, అభినయము కావలెను. పదునాలుగేండ్ల పిల్ల తెల్లవారుజామున లేచి అకార సాధన చేసి, పగలు పద్యములు వల్లించి, సాయంకాలము అడుగులు అభ్యసించినచో, కొన్నియేండ్లకు ఒక కథ నిలువున పట్టుబడును. ఇట్టి విద్యను ఇంటినుండి వచ్చిపోవుచు వారమునకు రెండు గంటల చొప్పున నేర్చుట యెట్లు?

ఆడపిల్లల ప్రసక్తి వచ్చినది గనుక ఒక్క సంగతి దాచక చెప్పెదను. మన మండలములలో పదములు, జావళీలు, అభినయము తరతరములుగా కాపాడినవారు కలావంతుల యింటి స్త్రీలు. 1947లో చెన్నరాష్ట్ర ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును శాసనముచే నిషేధించినది. ఆ దురాచారము పోవలసినదే, పోయినది. కాని ఆ స్త్రీల చేతిలోని విద్యను పాఠశాలలలో కూర్చుండబెట్టి చెప్పించుకొనవలెనన్న ఆలోచన ఎంతమందికి కలిగినది? విద్యావతులైన ఎందరో వృద్ధురాండ్రు శిష్యులు లేకయే కాలము చేసిరి. నేటికిని ఒక తండ్రి తన కుమార్తెను సంగీతమునకు పంపుటకు సంకోచించుచున్నాడన్న, ఆ పాత నింద యింకను గుమ్మము దాటలేదన్న మాట. దానిని మన సంఘమువంటివి గట్టిగా నిలిచి చెప్పిననే పోవును.

గురువుల స్థితి మాటకు వచ్చెదను. ఊరిలో ఇల్లిల్లు తిరిగి పాఠము చెప్పు గురువునకు సెలవు దినములకు జీతము కోయువారు కలరు. పరీక్షల మాసములలో పాఠమే మాన్పించువారు మరింత మంది. ఇప్పుడొక క్రొత్త మార్గము తెరచుకొన్నది. గోదావరి ఒడ్డున నున్న గురువు తెల్లవారకమునుపే లేచి అమెరికాలోని తెలుగు పిల్లకు కంప్యూటరు తెరపై పాఠము చెప్పుచున్నాడు. ఇది తప్పని నేననను, ఆతని కుటుంబము దానివలన గడచుచున్నది. అందు ఒక చిక్కు కలదు. తెరపై ధ్వని రవంత ఆలస్యముగా చేరును గనుక గురుశిష్యులు ఇద్దరు గొంతు కలిపి పాడజాలరు. గురువు పాడి ఊరకుండవలెను, శిష్యురాలు పాడి ఊరకుండవలెను. తాళము కలిపి వేయుట అసలే కుదరదు. మన వీథిలోని పిల్లకు ఆ చిక్కు లేదు, గురువు ఎదుటనే కూర్చుండవచ్చును. అయినను గురువుగారి తెల్లవారుజాము సముద్రముల కావలికి అమ్ముడుపోయినది. మనము కొనలేదు గనుక!

ఇందులకు మనమేమి చేయుచున్నాము? సన్మానము చేయుచున్నాము. ఏటేట ఒక విద్వాంసుని వేదికపైకి పిలిచి శాలువ కప్పుచున్నాము. మహనీయులారా! ఈ మాట పరిహాసముగా గైకొనవలదు. మా గురువర్గమువారి యిండ్లలో శాలువలకు పెట్టెలు చాలవు, బియ్యపు డబ్బా మాత్రము ఖాళీ. ఒక్క సన్మాన సభకగు పందిరి, పూలదండలు, విందు, ఫోటోల వ్యయమును నిలువరించినచో ఒక విద్యార్థికి ఏడాది భోజనము జరుగునని నా యంచనా.

కావున నేను సభవారి ముందుంచునవి చిన్న కోరికలు. మన వసతిగృహములలో ఏటికి నలుగురు సంగీత విద్యార్థులకు, అందు ఇద్దరు బాలికలకు, ఇతర విద్యార్థులతో సమానముగా చోటును భోజనమును ఈయవలెను. ఒక యేడు కాదు, ఆరేండ్లు వరుసగా. గాత్రము, వీణ, సన్నాయి, డోలు, హరికథ ఏదైనను సరే. సన్నాయి డోలులను పెండ్లి పని యని తక్కువ చేయరాదు; ఆ నాదస్వరముననే కరవది షేక్ చినమౌలానాగారు శ్రీరంగమున స్థిరపడి ద్రవిడదేశమును మెప్పించిరి. గురువు ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను మనకు సమ్మతమే కావలెను. మన పిల్లలకొరకు ఆయన కూర్చుండిన తరగతిలో ఇరుగుపొరుగు పిల్లలు ఎవరు వచ్చి కూర్చుండినను లెమ్మనరాదు. మనకు ఒకప్పుడు మూసిన తలుపును మనము మరియొకరికి మూయుట న్యాయమగునా?

రెండవది, నేర్చినవారికి వినుటకు జనము కావలెను. తొలి యేబది కథలు చెప్పిన పిమ్మటగాని కథకురాలికి నిలుకడ రాదు. ఆ యేబది కథలను ఎవరు వినవలెను? పేరు వచ్చినవారినే పిలిచెదమని అందరు కూర్చున్నచో పేరు వచ్చుట యెట్లు? మన కల్యాణ మండపములలో ధనుర్మాసమునను, శ్రీరామ నవమికిని, దసరాకును విద్యార్థుల చేత కథలు, కచేరీలు చేయించి, ప్రక్కవాద్యములవారికి సహితము సంభావన ఈయవలెను. మైకు మాత్రము కొంచెము తగ్గించి పెట్టుడు. గొంతు వినబడవలెను గాని గోడలు అదరనక్కరలేదు.

దాతలు పలువురు ఈ సభలో కూర్చుండి యున్నారు. భవనమునకు పేరు చెక్కించుకొనవచ్చును గాని భోజనమునకు పేరు చెక్కుట కుదరదన్న సంకోచము కొందరికి కలదని నాకు తెలియును. కపిలేశ్వరపురమున కథ నేర్చిన పిల్లలు వేదికనెక్కినప్పుడు ఏ పాఠశాలలో నేర్చితిరని అడిగినవారికి ఏ పేరు చెప్పుచుందురో వారు విచారించి చూడవచ్చును.

ఈ రెండు కోరికలను తీర్మాన రూపమున వ్రాసి కార్యదర్శిగారికి అందజేసితిని. విషయ నిర్ణయ సంఘము మధ్యాహ్న భోజనానంతరము కూడును. వసతిగృహముల లెక్కలు తెలిసిన పెద్దలు తప్పక వచ్చి, ఒక్కొక్క విద్యార్థికి నెలకెంత యగునో అంకెలతో చెప్పవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.