సర్వర్లూ టీసీ అడుగుతాయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నా ఉద్యోగంలో ఏం చేస్తానో అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు. అందులో ఒక్క పని గురించి చెబుతాను.

మీరు ఫోన్‌లో కరెంటు బిల్లు కడతారు. బిల్లు ఎంతో ఆ యాప్ సంస్థకు తెలియదు. దాని అప్లికేషన్ సర్వర్ విద్యుత్ సంస్థ సర్వర్‌ని అడిగి తెలుసుకోవాలి. దూరం నుంచి అడిగితే జవాబిచ్చే ఈ ఏర్పాటే వెబ్ సర్వీస్. ఆ మాటలు దారిలో ఎవరూ వినకుండా ఎన్‌క్రిప్షన్ కాపాడుతుంది. కానీ అవతల ఉన్నది నిజంగా వారేనా? ముందు తేలాల్సింది అది.

బడిలో పిల్లవాడిని చేర్చుకునేటప్పుడు టీసీ అడుగుతాం. పాత బడి ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర చూస్తాం. సర్వర్లదీ అదే పద్ధతి. అవతలి సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. సంతకం చేసిన సంస్థ మనం నమ్మేవారి జాబితాలో ఉందా, పేరు సరిపోయిందా, గడువు మిగిలి ఉందా అని మన సర్వర్ చూస్తుంది. ఆ జాబితా పేరు ట్రస్ట్‌స్టోర్. పాత జావా వెర్షన్లతో వచ్చే ట్రస్ట్‌స్టోర్‌కి పాస్‌వర్డే ‘చేంజిట్’, అంటే ‘మార్చు’ అని! అయినా మార్చకుండా వదిలేసేవారున్నారు.

సంతకం చేసినవారు జాబితాలో లేకపోతే సర్వర్ మాట కలపదు. పని ఆగుతుంది, పైనుంచి ఒత్తిడి వస్తుంది. అప్పుడు కొందరు తనిఖీనే తీసేస్తారు. వెంటనే అంతా పనిచేస్తుంది. ఎన్‌క్రిప్షన్ కూడా ఉంటుంది. కాకపోతే ఆ రహస్యం నేరుగా దొంగ చెవిలోనే పడవచ్చు. అవతలి సర్వర్ ఇచ్చిన సర్టిఫికెట్‌నే గుడ్డిగా జాబితాలో చేర్చడమూ అలాంటిదే. టీసీ తెచ్చినవాడినే ‘ఇది అసలుదేనా?’ అని అడిగినట్టు! పాత బడికి ఫోన్ చేసి కనుక్కున్నట్టే, సర్టిఫికెట్ వేలిముద్ర సంఖ్యను ఆ సంస్థవారితో వేరే దారిలో సరిచూసుకున్నాకే చేర్చాలి.

గడువు సంగతీ ఉంది. అందరూ నమ్మే సంస్థలిచ్చే వెబ్ సర్టిఫికెట్ల గడువును 2029 మార్చి నుంచి 47 రోజులకు కుదించాలని 2025లో నిర్ణయమైంది. ఇక డైరీలో రాసుకుని చేత్తో మార్చుకుంటే కుదరదు. ఆ పని యంత్రానికే అప్పగించాలి.

ఈ రంగంలోకి వచ్చే మన బడి పిల్లలకు ఒక్క మాట. పని ఆలస్యమైందని పై అధికారి కోప్పడితే పడండి. తనిఖీ మాత్రం తీసేయకండి. ఆ చివర ఉన్నది మన మాస్టారి పింఛను డబ్బే కావచ్చు.

సెలవు.