మన నోటి మాటలు ఎక్కడివి?



చందుర్తి చదువు కేంద్రంలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మాటల గురించే చెప్తాను.

"వాని పప్పులు నా దగ్గర ఉడకవు" అంటాం. అక్కడ పప్పూ ఉండదు, పొయ్యీ ఉండదు. అయినా వినేవాళ్ళకు సంగతి తెలిసిపోతుంది. ఇట్లాంటి మాటలను పుస్తకాలలో జాతీయాలు అంటారు. పేరు పెద్దగా ఉంది కానీ భయపడే పని లేదు. పుస్తకం పట్టకముందే మీకు ఇవి వందల కొద్దీ వచ్చు.

ముందు ఆ పప్పు ముచ్చటే చూద్దాం. కొన్ని బావుల నీళ్ళలో పప్పు ఎంత సేపు ఉడికించినా మెత్తబడదు. కట్టెలు కాలిపోతాయి, పప్పు మాత్రం పలుకు పలుకుగానే ఉంటుంది. ఆ నీళ్ళలో సున్నం వంటి లవణాలు ఎక్కువ. అవి పప్పులో చేరి దాన్ని గట్టిపరుస్తాయి. అదే పప్పు మంచినీళ్ళలో పోస్తే ఊరికే ఉడుకుతుంది. చదువుకున్నవాళ్ళు ఈ సంగతి ప్రయోగశాలలో చూశారు. మన అవ్వలు పొయ్యి దగ్గరే చూశారు. పప్పు మంచిదే అయినా నీళ్ళు ఒప్పుకోవాలి. మోసగాడు ఎంత తెలివైనవాడైనా ఎదుటి మనిషి లొంగితేనే వాని పని సాగుతుంది. వంటింట్లో తెలిసిన సంగతి ఇట్లా మాటల్లోకి వచ్చింది.

ఎసరు కూడా పొయ్యి మీది మాటే. బియ్యం వేయకముందే గిన్నెలో నీళ్ళు కాగబెడతాం. అన్నం ఇంకా కనబడదు, కానీ పని మొదలైంది. అట్లనే ఒకరి సొమ్ము కాజేయడానికి చాటుగా ఏర్పాట్లు చేస్తే "ఎసరు పెట్టిండు" అంటాం. 1940లలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు పట్టి పండించిన పంటకు విసునూరు దేశముఖ్ ఇట్లనే ఎసరు పెట్టాడు. ఐలమ్మ వెనక్కి తగ్గలేదు. సంఘం వాళ్ళు తోడు నిలిచారు. పంట ఆమె ఇంటికే చేరింది. ఈ రోజుల్లో ఎసరు చేను మీద కాదు, కాగితం మీద పెడతారు. పాసుపుస్తకంలో మీ పేరు ఉందా, గుంటలు సరిగ్గా రాశారా? మీరే చదువుకోండి. వేలిముద్ర వేయమంటే ముందు కాగితం చేతికి తీసుకోండి.

మనకు సిరిసిల్ల దగ్గర. అక్కడి సాంచాల చప్పుడు మీలో చాలామంది విన్నారు. కండెలు చుట్టిన చేతులు కూడా ఇక్కడ ఉండవచ్చు. బట్టలో నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. ఒకటి లేకుంటే రెండోది ఉత్త దారమే. అందుకే విడదీయరానట్టు కలిసిన వాళ్ళను "పడుగు పేకల్లా ఉన్నరు" అంటారు. "చంద్రునికో నూలుపోగు" అనే మాట ఇంకా ముద్దుగా ఉంటుంది. అమావాస్య పోయాక విదియ నాడు సన్నని నెలవంక కనబడితే, కట్టుకున్న బట్టలోంచి ఒక పోగు తీసి చంద్రునికి ఇచ్చేవాళ్ళు. అంత పెద్ద చంద్రునికి పోగు ఏం సరిపోతుంది? సరిపోదు. ఉన్నంతలో ప్రేమతో ఇచ్చింది అని అర్థం.

పుట్టి మాట చాలామంది తప్పుగా అనుకుంటారు. పుట్టి అంటే ధాన్యం కొలత ఒకటి ఉంది. "ఏం పుట్టి మునిగింది?" అనేదాంట్లో అది కాదు. వెదురుతో అల్లిన గుండ్రటి పడవ పేరు కూడా పుట్టే. ఏటి నడుమ అది మునిగితే ప్రాణాలకే మోసం.

ఇక మీరు కొత్తగా నేర్చుకున్న చదువు మాటలు రెండు. పాతకాలం బడిలో పిల్లవాడు మొదట "ఓం నమః శివాయ" అని దిద్దేవాడు. ఆ "ఓం నమః" జనం నోట్ల ఓనమాలు అయింది. అందుకే ఏ పనిలోనైనా మొదటి సంగతులు ఓనమాలు. రెండోది "తు.చ. తప్పకుండా". సంస్కృత శ్లోకాలలో తు, చ అనే చిన్న అక్షరాలు చాలాసార్లు ఖాళీ నింపడానికే వస్తాయి. వాటిని కూడా వదలకుండా అప్పజెప్పడమే తు.చ. తప్పకపోవడం.

అన్ని మాటలూ మనకు మేలు చేసేవి కావు. మగవాడు భయపడితే "గాజులు తొడుక్కున్నవా?" అని ఎగతాళి చేస్తారు. ఆ మాట మన ఆడవాళ్ళ నోట కూడా వస్తుంది. గాజులు పిరికితనానికి గుర్తు ఎట్లా అయినయి? యుద్ధానికి పోయినవాడు మగవాడు, ఇంట్లో ఉన్నది ఆడది అనే లెక్క నుంచి వచ్చింది ఇది. ఆ లెక్క తప్పు. పంటను కాపాడుకున్న ఐలమ్మ ఆడమనిషే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మీలాగే రాత్రిపూట చదువుకునేవాళ్ళు. పాఠంలో తాగుడు గురించి చదివారు. తమ ఇంటి ముచ్చటే కదా అనుకున్నారు. రోశమ్మ ముందు నడిచింది. అందరూ కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ సంగతి ఊరూరికీ పాకింది. మన జిల్లాలు కూడా కలిసి ఉన్న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995లో వచ్చిన పూర్తి మద్య నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు, అది వేరే కథ. దుకాణం ముందు నిలబడ్డ ఆ చేతులకు గాజులు ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే, "అవును, తొడుక్కున్నం. అయితే ఏంది?" అని అడగవచ్చు.

బీడీలు చుట్టేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు, కండెలు చుట్టేటప్పుడు మీరు అనే మాటలు కొన్ని నేను చూసిన పుస్తకాలలో కనబడలేదు. వచ్చే వారం ఒక్కొక్కరు ఒక్క మాట కాగితం మీద రాసుకొని రండి. అది ఎవరి నోట విన్నారో కింద రాయండి. అవ్వ పేరు, అమ్మ పేరు, అత్త పేరు. అక్షరం వంకర పోయినా ఫరవాలేదు.