వారం రోజుల సభలు, ఏడాది పొడుగునా ఒంటరి చదువు

(దళితవాడ కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నం పోయొచ్చిన వాళ్లు హైటెక్ సిటీ గురించి చెబుతుంటారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పట్నుంచీ మాదాపూర్, గచ్చిబౌలి అంతా అద్దాల మేడలే. ఆ మేడలకు పునాదులు తవ్విందీ, తట్టలు మోసిందీ మన వాడల జనం. అవి లేవకముందు నుంచే ఆ దారిలో ఒక విశ్వవిద్యాలయం ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ అంటాం. 1974లో అబిడ్స్‌లో, సరోజినీ నాయుడు ఉన్న ఇంట్లో మొదలై తర్వాత గచ్చిబౌలికి చేరింది. మేడల్లోకి మన వాళ్లు ఎక్కువగా చీపురు పట్టుకునే పోయారు. యూనివర్సిటీలోకి మాత్రం పుస్తకం పట్టుకుని పోయారు. తేడా అదీ.

ఏటా ఏప్రిల్ 11న ఫూలే జయంతి, 14న బాబాసాహెబ్ జయంతి. ఆ వారమంతా యూనివర్సిటీల్లో ఉపన్యాసాలు, వాదోపవాదాలు, పాటలు, డప్పులు. ఇవన్నీ ఎవరికోసం, వారం గడిచాక ఏం మిగులుతుంది అనేదే ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన సంగతి.

మొదట ఉపన్యాసం సంగతి. ఉపన్యాసాలతో కడుపు నిండుతుందా అని కొందరు ఎకసెక్కాలాడతారు. 1917 నవంబరులో బెజవాడలో మూడు రోజులు సభ జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ దానికి అధ్యక్షుడు. పిలిచింది పంచముల సభ అని. పంచములం కాదు, ఈ నేల తొలి బిడ్డలం, ఆది ఆంధ్రులం అని చాటి ఆ సభ ముగిసింది. పక్కవాడు పెట్టిన పేరును మూడు రోజుల మాటలతో తీసి అవతల పారేశారు. మాటకు అంత బలం ఉంది. అందుకే మన నోట మాట రాకుండా అంతకాలం కాపలా కాశారు.

రెండోది ప్రార్థన. మాల పల్లెల్లో, మాదిగ పల్లెల్లో మన తాతలకు తొలి ఉపన్యాసశాల ఏది? చాలా ఊళ్లలో ప్రార్థన మందిరమే. ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువు గుంజిన ఏళ్లవి. బువ్వ కోసం కలిశారు అని ఎగతాళి చేసేవాళ్లకు ఒక సంగతి చెప్పండి: కరువు పనులు నడిచిన నెలల్లో మిషనరీ క్లౌ బాప్తీస్మాలు ఆపేశాడు. జనం ఆ తర్వాతే వచ్చారు. ఆదివారం పాట పాడిన పాకలోనే సోమవారం అక్షరాలు దిద్దిన ఊళ్లెన్నో. నలుగురిలో లేచి నిలబడి గొంతు విప్పడం మన ఆడవాళ్లు చాలామంది అక్కడే నేర్చారు.

మరి యూనివర్సిటీలో? రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. మంచిదే. ఏ మతమూ పాఠంలోకి దూరకూడదు. ప్రార్థన ఎవరి ఇష్టం వాళ్లది. కానీ మన పిల్లకు ఆ ఇష్టానికి ఖరీదు కట్టారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాళ్లను షెడ్యూల్డు కులాల లెక్కలోంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు, ముస్లిం దళితుడు బయటే ఉన్నారు. మతంతో పని లేకుండా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా ఉత్తర్వు మారలేదు. మోకరిల్లితే కులం పోతుందట! ఊళ్లో రెడ్డిగారి వాకిట్లో మాత్రం పోదు. ఎస్సీ కాగితం మీద సీటొచ్చిన పిల్ల బైబిలు దాచుకుని చదువుకోవాలి. ఇది భక్తి సమస్య కాదు, కాగితం సమస్య.

మూడోది వాదం. వేదిక మీద వాదం సులువే. వాదించినందుకు ఏమవుతుందో వేముల రోహిత్‌ను తలుచుకోండి. గుంటూరు బిడ్డ. 2015 జులై నుంచి ఫెలోషిప్ చేతికి రాలేదు. ఏడు నెలలది, లక్షా డెబ్బై ఐదు వేలు, తన ఇంటివాళ్లకు అందేలా చూడమని ఆఖరి ఉత్తరంలో రాశాడు. హాస్టల్ నుంచి వెళ్లగొట్టబడిన అయిదుగురిలో అతనొకడు. 2016 జనవరిలో క్యాంపస్ నడిబొడ్డున, ఆరుబయట, బాబాసాహెబ్ బొమ్మ పెట్టుకుని చలిలో పడుకున్నారు. ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ మనకు దక్కకుండా పోయాడు. ఆ తర్వాత ఆ వెలివాడే ఉపన్యాసశాల అయింది, దేశమంతా అక్కడికొచ్చి మాట్లాడింది. 2024 మేలో పోలీసులు ఏం తేల్చారు? అతను ఎస్సీయే కాదు అని. తల్లి కాదన్నాక మళ్లీ విచారిస్తామన్నారు. చూశారా, ప్రాణం పోయాక కూడా తగువు కాగితం దగ్గరికే వచ్చింది.

కాబట్టి ఏప్రిల్‌లో పూలదండలు వేసి ఇంటికి పోతే చాలదు. మనం మూడు పనులు చేయాలి.

ఒకటి. మీ వాడ నుంచి యూనివర్సిటీకి పోయిన ప్రతి పిల్ల పేరూ సంఘం పుస్తకంలో రాయండి. నెలకోసారి ఫోను చేయండి. 'బాగున్నావా' అని అడిగి ఊరుకోవద్దు, 'ఫెలోషిప్ వచ్చిందా, గైడు సంతకం పెట్టాడా' అని అడగండి. సొమ్ము ఆగిన నెలలోనే సంఘానికి తెలియాలి, ఏడో నెలలో కాదు.

రెండు. సెలవులకొచ్చిన పిల్లల చేత వాడలో మాట్లాడించండి. ఇంగ్లీషులో చదివింది మన తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ చెప్పమనండి. మొదటి ప్రశ్న కూలికి పోయొచ్చిన అక్కలది కావాలి.

మూడు. మన వారం మనమే జరుపుకుందాం. ఒక పూట ప్రార్థన మందిరంలో, ఒక పూట అంబేద్కర్ భవనంలో, ఒక పూట రచ్చబండ మీదే. వర్గీకరణ మీద మాల, మాదిగలు ఎదురెదురుగా కూర్చుని వాదించుకోండి. తర్వాత ఒకే బంతిలో కూర్చుని తినండి.

యూనివర్సిటీలో మన బిడ్డ నోరు విప్పినప్పుడు వెనక ఊరుందని అక్కడివాళ్లకు తెలియాలి. అంతకంటే ముందు ఆ బిడ్డకు తెలియాలి. మీ వాడలో పేర్లు రాసే పని ఈ రాత్రే మొదలుపెట్టండి.

జై భీమ్!