మొదటి పేరు కోసం ముప్పయ్యారు వేలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడవలసిన వేదిక మీద నన్ను ఇంటర్నెట్ ప్రచారం గురించి మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. ఆ విషయంలో నేను పండితుణ్ణని కాదు, దెబ్బ తిన్నవాణ్ణని. మన మిత్రుల పిల్లలూ, కోడళ్లూ చాలామంది ఇళ్లలో చిన్న వ్యాపారాలు పెట్టుకుంటున్నారు. పెట్టుబడి మన పెన్షన్ ఖాతాలోంచే వెళుతోంది. అందుకని సిగ్గు విడిచి చెబుతున్నాను.

నేను టెలిఫోన్స్ శాఖలో ముప్పయి నాలుగేళ్లు పనిచేశాను. అందులో కొన్నాళ్లు 197లో, అంటే డైరెక్టరీ ఎంక్వయిరీలో. వ్యాపారస్థుల పసుపు పేజీల్లో ముందు కనబడాలని కొందరు దుకాణానికి 'ఎ-వన్' అని పేరు పెట్టుకోవడం నాకు తెలుసు. కనుక జాబితాలో మొదటి పేరుకుండే విలువ ఎవరో నాకు చెప్పనక్కరలేదు. ఆ తెలివే నా కొంప ముంచింది.

మా రెండో అమ్మాయి 2021లో ఉద్యోగం పోయి రాజమండ్రి వచ్చేసింది. వాళ్లమ్మ చేతివాటం, తన శ్రమ కలిపి పచ్చళ్లు, పొడులు అమ్మడం మొదలుపెట్టింది. వీధిలోవాళ్లూ, బంధువులూ కొనేవారు. అంతకు మించి సాగలేదు. 2022 వేసవిలో ఒకాయన ఫోన్ చేసి, గూగుల్లో మీ పేరు మొదటి పేజీలో మొదటిదిగా తెప్పిస్తాం, గ్యారంటీ, ఏడాదికి 36,000 అన్నాడు. "వద్దు నాన్నగారూ, అలా ఎవరూ చేయలేరు" అంది అమ్మాయి. నేను దానికి చెప్పకుండా కట్టేశాను. మా ఆవిడకు అసలే చెప్పలేదు.

పది రోజుల్లో ఫొటో పంపాడు. నిజంగానే మా పేరే మొదట ఉంది! మర్నాడు అమ్మాయి చూసి నవ్వింది. అతను వెతికింది మా దుకాణం పేరు కొట్టి. 197కి ఫోన్ చేసి సుబ్బారావు గారి నంబరు కావాలంటే సుబ్బారావు గారి నంబరే చెబుతాం కదా! మా పేరు తెలియనివాడు 'రాజమండ్రిలో ఇంటి ఆవకాయ' అని అడుగుతాడు. అప్పుడు వచ్చే జాబితాలో మేము ఎక్కడా లేము.

తరువాత మెచ్చుకోలు రాతలు మొదలయ్యాయి. ఒక్క వారంలో నలభై మంది ఐదేసి నక్షత్రాలు ఇచ్చారు. అందులో ఒకాయన మా మటన్ బిర్యానీ అద్భుతం అన్నాడు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. హైదరాబాదు నుంచి నెలనెలా తెప్పించుకునే ఒకావిడ అది చూసి, "ఇన్నాళ్లూ మీ మాట నమ్మాను" అని ఫోన్ పెట్టేసింది. ఆ రోజు అమ్మాయి అన్నం తినలేదు. ఇలాంటి దొంగ రాతలను అరికట్టడానికే 2022 నవంబరులో మన ప్రభుత్వం ఆన్‌లైన్ సమీక్షలకు ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం తెచ్చిందని తరువాత తెలిసింది.

అసలు దెబ్బ ఏడాది తిరిగాక తగిలింది. ఇక డబ్బు కట్టమన్నాం. గూగుల్ మ్యాపులో మా దుకాణం వివరాలన్నీ అతను తన ఈమెయిలుతో పెట్టుకున్నాడు. మా ఫోన్ నంబరు తీసేశాడు. సరుకు మాది, పేరు మాది, తాళంచెవి అతని దగ్గర! యాజమాన్యం మాకు అప్పగించమని గూగుల్ వారికి దరఖాస్తు పెట్టి, వంటగది, జాడీలు, బోర్డు వీడియో తీసి పంపి రుజువు చేసుకునేసరికి ఆవకాయ సీజను కాస్తా అయిపోయింది.

ఆ తరువాత అమ్మాయి దగ్గర కూర్చుని బడిపిల్లాడిలా నేర్చుకున్నాను. మ్యాపులో దుకాణం పేరు పెట్టుకోవడానికి పైసా అక్కరలేదు. అడిగినదానికీ మన సరుకుకూ పొంతన ఉందా, అడిగిన మనిషికి మనం ఎంత దూరం, మనకు ఎంత పేరుంది అని మూడు చూస్తారట. డబ్బిస్తే అక్కడ స్థానం పెరగదని గూగుల్ వారే రాసిపెట్టారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని కూడా వారే రాశారు. ఇంటి చిరునామా బయటపెట్టడం ఇష్టం లేకపోతే దాన్ని దాచి, సరుకు పంపే ఊళ్లు మాత్రం చూపించవచ్చు.

డబ్బిచ్చి కనబడే చోటు వేరే ఉంది. దానిమీద 'స్పాన్సర్డ్' అని ఉంటుంది. 2000 సంవత్సరం నుంచీ నడుస్తున్న వ్యాపారం అది. ప్రతి వెతుకులాటకూ క్షణంలో వేలం జరుగుతుంది. పాట ఎక్కువ పెట్టినవాడిదే పైచేయి అనుకోకండి. ప్రకటన అడిగినదానికి ఎంత సరిపోయిందో కూడా లెక్కలోకి వస్తుంది. వెతుకులాట ప్రకటనల్లో మామూలుగా ఎవరైనా దాన్ని నొక్కితేనే మనకు ఖర్చు. మేము రోజుకు 200 రూపాయలు పెట్టి చూశాం. పాతిక మంది నొక్కారు, కొన్నవారు ఒక్కరు. ఎందుకని ఆరా తీస్తే, ఏ మాటలు కొట్టి మన దగ్గరికి వచ్చారో చూపించే పట్టిక ఒకటి ఉంది. సగం మంది 'ఆవకాయ పెట్టే విధానం' అని కొట్టినవారే! ఇంట్లో పెట్టుకునేవాళ్లకు మన ఖర్చుతో దారి చూపిస్తున్నామన్నమాట. 'విధానం', 'తయారీ', 'కొలతలు' అనే మాటలుంటే మన ప్రకటన చూపవద్దని రాయవచ్చు. రాశాం. ఖర్చు సగానికి తగ్గింది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సంగతి నాకు ఇప్పటికీ సరిగ్గా ఒంటబట్టలేదు. ఒక్కటి మాత్రం కళ్లారా చూశాను. రంగురంగుల పోస్టర్లు చేయించి పెడితే ఎవరూ పలకలేదు. మూడోరోజు జాడీ మూత తీసి మా ఆవిడ ఆవకాయ తిరగకలుపుతుంటే అమ్మాయి అరనిమిషం వీడియో తీసి పెట్టింది. బెంగుళూరు నుంచి ఎనిమిది మంది అడిగారు. అందులో ఇద్దరు వాళ్లమ్మ చెయ్యి గుర్తొచ్చిందని రాశారు. ధరలు, ఫొటోలు వాట్సాప్ బిజినెస్‌లో పట్టికగా పెట్టుకోవడానికీ ఖర్చు లేదు.

నంబరు బయట పెట్టాక దొంగలూ చూస్తారు. యాభై కేజీలకు ఆర్డరిచ్చి, డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఆ 36,000 తిరిగి రాలేదు. దొంగ రాతలు తీసేయమని ఒక్కొక్కదానికీ ఫిర్యాదు పెట్టాం. కొన్ని పోయాయి, బిర్యానీది ఇంకా ఉంది. హైదరాబాదు ఆవిడకు అమ్మాయి జరిగిందంతా ఉత్తరంలా రాసి పంపింది. ఈ ఏడాది ఆవిడే ఫోన్ చేసి రెండు కేజీలు చెప్పింది.

మా ఆవిడకు పోయిన నెలలోనే నిజం చెప్పాను. "ఏమండీ, ఆ డబ్బుతో వెయ్యి జాడీలు కొనేదాన్ని" అంది. లెక్కలో ఆవిడ ఎప్పుడూ కొంచెం ఉదారంగానే ఉంటుంది. అమ్మాయి అదిగో, హాలు బయట బల్ల దగ్గర ఉంది. పెన్షనర్లకు రాయితీ లేదట, ముందే చెప్పమంది.